గుర్రాల దారిలో కంప మళ్లీ మొలవడం, డెక్కలో ముల్లు దిగడం గురించి

జమ్మలమడుగు దగ్గర మీ తోట చుట్టూ వేసిన స్వారీ దారిలో సర్కారు తుమ్మ కొట్టిన కొద్దీ మొలుస్తోందని, మొన్న గుర్రం డెక్కలో ముల్లు దిగిందని రాశారు. మీరు పెట్టిన ఫొటోలోనే జవాబుంది. కూలీలు మొదలును జానెడు ఎత్తున ఏటవాలుగా నరికి వదిలేశారు. ఆ మొండి ఈటె మొనలా నిలబడింది, దాని చుట్టూ పిలకలు లేచాయి. నరికితే చచ్చే చెట్టు కాదది. గడ్డపారతో మట్టి తీసి, వేరు మొదలును నేల కింద జానెడు లోతున తెగగొట్టి గుంత పూడ్చండి. వాన పడ్డాక అయితే పని సులువు.

కొమ్మల ఎత్తును నేల మీద నిలబడి అంచనా వేయకండి. గుర్రమెక్కిన మనిషి తల 8 అడుగులకు వస్తుంది. 10 అడుగుల దాకా ఖాళీ ఉండాలి.

కొట్టిన కంపను దారి పక్కనే కుప్ప వేయడం మనవాళ్లకు అలవాటు. అందులో రక్తపింజరి చేరుతుంది, ముళ్లు గాలికి మళ్లీ దారిలో పడతాయి. అదే రోజు దూరంగా తరలించండి. రాలిన తుమ్మకాయలు కూడా ఊడ్పించండి. తీపికి మరిగి ఎక్కువ తింటే గుర్రానికి పేగులో అడ్డుపడతాయి. అందానికి నాటిన ఆ గన్నేరు మొక్కలు మాత్రం దయచేసి పీకేయండి, గుర్రానికి అవి విషం.

ముల్లు దిగిన గుర్రం ఇంకా కుంటుతుంటే పశువైద్యుడికి చూపించండి. కుంటకపోయినా ధనుర్వాతం టీకా సంగతి అడగండి. దారి అటవీ భూమిలోకి వెళ్లే చోట అనుమతి లేనిదే కత్తి పెట్టవద్దు.