బిల్లు తప్పినా ఎర్రర్ రాదేం?

జీడిపిక్కల కొనుగోలు లెక్కకి పైథాన్‌లో ఫంక్షన్ రాస్తే ఒకసారి టైప్ ఎర్రర్, ఒకసారి ఎర్రరే లేకుండా తప్పు మొత్తం వస్తోందని అడిగారు. రెండోదే ప్రమాదం, ముందు దాని సంగతి చూద్దాం.

మీరు రాసింది బిల్లు(బస్తాలు, ధర, హమాలీ, బరువు=80). పలాస వైపు పిక్కల బస్తా 80 కిలోలే కాబట్టి ఆ డిఫాల్ట్ (ఏమీ ఇవ్వకపోతే వాడుకునే విలువ) బాగుంది. లోపలి లెక్క: బస్తాలు × బరువు × ధర, దానికి బస్తాలు × హమాలీ కలపాలి. 12 బస్తాలు, కిలో 110, బస్తాకి హమాలీ 30 అనుకోండి. బిల్లు(12, 110, 30) అంటే 1,05,960. పొరపాటున బిల్లు(110, 12, 30) అని కొడితే 1,08,900. గుణకారానికి ముందువెనకలు పట్టవు గనక సరుకు విలువ 1,05,600 అలాగే ఉంటుంది. హమాలీ మాత్రం 360 పోయి 3,300 అవుతుంది. హమాలీ సున్నా పెట్టి పరీక్షించేవాళ్లకి ఇది ఎన్నటికీ దొరకదు.

అందుకే పేర్లతో పంపండి: బిల్లు(బస్తాలు=12, ధర=110, హమాలీ=30). అప్పుడు వరస ఎలా ఉన్నా ఫర్వాలేదు. పేరు లేకుండా పంపేవి ఉంటే ముందుండాలి, పేరున్నవాటి తర్వాత పెడితే సింటాక్స్ ఎర్రర్. ఇంకా గట్టిగా కావాలంటే డెఫ్ లైన్‌లో (ఫంక్షన్ మొదలయ్యే def వరసలో) బస్తాలు ముందు ఒక నక్షత్రం గుర్తు, కామా పెట్టండి. ఇక పేరు లేకుండా పిలిస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది.

మీ టైప్ ఎర్రర్ వేరే కథ. మూడు సంఖ్యలున్న రోజు అనే లిస్టుని నేరుగా బిల్లు(రోజు) అని ఇస్తే అది ఒక్క విలువ కిందే లెక్క. ధర, హమాలీ రాలేదంటుంది. బిల్లు(*రోజు) అనాలి. పైన చెప్పిన నక్షత్రం పెట్టుకున్నాక ఇది నడవదు, రోజుని డిక్షనరీగా (పేరు, విలువ జంటలుగా) తీసుకుని బిల్లు(**రోజు) అనాలి. అందులోని కీల పేర్లు పరామీటర్ల (డెఫ్ లైన్‌లో రాసిన బస్తాలు, ధర లాంటివాటి) పేర్లతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

ఇన్‌పుట్ నుంచి తెచ్చిన 12 సంఖ్య కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరస. దాన్ని ఇంట్‌తో మార్చకుండా బస్తాలుకి పంపితే, మిగతావి సంఖ్యలే అయినప్పుడు, ఎర్రర్ రాదు: 12 అనే ముక్కే వరసగా 17,660 అక్షరాల పొడుగున తెర నిండా పరుచుకుంటుంది. చూడ్డానికి భయంగా ఉన్నా ఇది నయం, కంటపడుతుంది కదా.

డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు మాత్రం పెట్టొద్దు. అది డెఫ్ నడిచినప్పుడు ఒక్కసారే పుడుతుంది, అందులోకి ఏదైనా కలిపితే నిన్నటి బస్తాలు ఇవాళ్టి బిల్లులోకి వస్తాయి. నన్ (None, ఏమీ లేదని చెప్పే విలువ) అని పెట్టి, లోపల కొత్త లిస్టు చేసుకోండి.