డాక్టర్ సలహా: జీవిత లక్ష్యం సరే, ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరుగా చేసి నిరుడు రిటైరయ్యాను. పిల్లలు బెంగళూరులో ఉన్నారు. కొన్ని నెలలుగా దేనిమీదా ఆసక్తి లేదు. ఎందుకు బతుకుతున్నానో అర్థం కావడం లేదు. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వస్తోంది, 5 కిలోలు తగ్గాను. మందుల షాపులో నిద్రమాత్ర అడిగితే ఆల్‌ప్రజోలం 0.5 ఇచ్చారు, 4 నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. షుగర్‌కు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. జీవితంలో ఒక లక్ష్యం, తృప్తి దొరకాలంటే ధ్యానం మంచిదా, పుస్తకాలా?
- ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ఆసక్తి పోవడం, వేకువకు ముందే మెలకువ, బరువు తగ్గడం. ఈ మూడూ రెండు వారాలకు మించి కలిసి ఉంటే డిప్రెషన్‌ను అనుమానిస్తాం. మిమ్మల్ని చూడకుండా అదేనని తేల్చి చెప్పలేను. పైగా షుగర్ ఉన్న మనిషి తిండి తగ్గించకుండానే 5 కిలోలు తగ్గితే వేరే కారణాలూ వెతకాలి: షుగర్ అదుపు తప్పడం, థైరాయిడ్, టీబీ వంటివి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), సోడియం, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. విటమిన్ బీ12 పరీక్ష కూడా మరవొద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో అది తగ్గిపోవచ్చు. నీరసం, దిగులు, మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు దాంతోనూ వస్తాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మాత్ర. ఆల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అడగ్గానే ఇచ్చారు కదా అని నాలుగు నెలలు మింగడమేమిటండీ? కొన్ని వారాల్లోనే ఒంటికి అలవాటై పని తగ్గుతుంది. తెల్లవారేసరికి ప్రభావం దిగి మళ్లీ ఆందోళన మొదలవుతుంది. అప్పుడు ఇంకో అర మాత్ర వేసుకోవాలనిపిస్తుంది. మీ వయసులో రాత్రి బాత్రూముకు లేచి తూలి పడి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటి మాత్రలతోనే. డిప్రెషన్‌ను ఇది నయం చేయదు, కప్పిపెడుతుంది. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, గుండెదడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు, రెండు వారాలకు పావు వంతుకు మించకుండా. ఈలోగా మద్యం చుక్క కూడా వద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా? మీరు రాయలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. అనిపిస్తుంటే ఈరోజే ఇంట్లోవాళ్లకు చెప్పండి, పొలం మందు డబ్బాలుంటే ఇంట్లోంచి తీయించేయండి, 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సమస్యలకు సాయపడే ప్రభుత్వ ఫోన్ సేవ, టెలీమానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. డిప్రెషన్ మందులు మొదలుపెడితే మార్పు తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని మానేయకండి. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాల్సి ఉంటుంది.

ఇక మీరు అడిగింది. ధ్యానం చేయొచ్చు, కానీ బాగా దిగులుగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని కూర్చుంటే కొందరికి అవే ఆలోచనలు తిరుగుతాయి. ఆసక్తి వచ్చాక పని చేద్దామని ఆగితే అది రాదు, పని ముందు మొదలవ్వాలి. మొదటి వారం ఎండ ముదరకముందే 20 నిమిషాల నడక, రోజూ ఒకే వేళకు, తోడుగా ఒకరితో. వెళ్లేముందు, వచ్చాక మనసెలా ఉందో పదికి ఎంతో మార్కులు వేసుకోండి. రెండో వారం మీకోసం మరొకరు ఎదురుచూసే పని ఒకటి కలపండి. వీధిలో పదో తరగతి పిల్లలు ఇద్దరికి సాయంత్రం అరగంట లెక్కలు చెబితే చాలు. పదిమందితో మొదలుపెడితే అలసిపోయి నాలుగో రోజుకే మానేస్తారు.

పుస్తకాలు తర్వాత చూద్దాం. ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. ఆల్‌ప్రజోలం అట్ట, షుగర్ చీటీలు, మార్కులు వేసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి.