ఫార్మాట్ మారింది సరే, పంపకం మారేదెప్పుడు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం యూరప్ ఫుట్‌బాల్ క్లబ్ టోర్నీల గురించే. ఛాంపియన్స్ లీగ్ రూపం మారినప్పటి నుంచి ఒక్కొక్కరిది ఒక్కో ఫిర్యాదు. నేను అధికారినీ కాదు, మాజీ ఆటగాణ్ణీ కాదు, ఏళ్ల తరబడి చూస్తున్న అభిమానిని. కాబట్టి ఇవి అభిప్రాయాలే, తీర్పులు కావు.

ప్రశ్న: కొత్త పద్ధతి రాకముందు ఇదే పేజీలో దాన్ని "దండగ" అని తిట్టారు. ఇప్పుడూ అదే మాట మీద ఉన్నారా?

జవాబు: తిట్టిన మాట నిజమే, తప్పించుకోను. సగం తప్పాను. కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క ముక్క: 2023-24 వరకు 32 జట్లు, ఎనిమిది గ్రూపులు. 2024-25 నుంచి 36 జట్లకు కలిపి ఒకే పట్టిక, ఒక్కో జట్టుకు ఎనిమిది వేర్వేరు ప్రత్యర్థులతో ఎనిమిది మ్యాచ్‌లు, అందులో సగం సొంత మైదానంలో. మొదటి ఎనిమిది జట్లు నేరుగా చివరి పదహారులోకి, 9 నుంచి 24 వరకు అందులో మిగిలిన చోట్ల కోసం ప్లేఆఫ్, మిగతా పన్నెండూ ఇంటికి.

పాత గ్రూపుల్లో నాలుగో మ్యాచ్ అయ్యేసరికే సగం కథ తేలిపోయేది, చివరి వారం పెద్ద జట్లు బెంచీ మీది పిల్లల్ని ఆడించేవి. కొత్త పద్ధతిలో మొదటి ఏడాది చివరి రోజు, 2025 జనవరి 29న, పద్దెనిమిది మ్యాచ్‌లూ ఒకేసారి జరిగాయి. హాఫ్ టైమ్‌కి మాంచెస్టర్ సిటీ సొంత మైదానంలో క్లబ్ బ్రూజ్ చేతిలో 0-1తో వెనకబడి ఉంది, అంటే ఆ క్షణానికి టోర్నీ నుంచి అవుట్. నేను ఒక కన్ను మ్యాచ్ మీద, ఇంకో కన్ను పట్టిక మీద పెట్టి కూర్చున్నాను, గోల్ పడ్డప్పుడల్లా పేర్లు కిందికీ పైకీ దూకుతున్నాయి. చివరికి సిటీ 3-1తో గెలిచి 22వ స్థానంలో బతికింది, ఓడిన బ్రూజ్ కూడా 24వ స్థానంలో వేలాడుతూ గట్టెక్కింది. ఆ టెన్షన్ పాత గ్రూపుల్లో ఎప్పుడూ చూడలేదు.

ఇక నేను తప్పని సగం. పాత పద్ధతిలో 96 మ్యాచ్‌లు ఆడి 16 జట్లను బయటకు పంపేవాళ్లు. ఇప్పుడు 144 మ్యాచ్‌లు ఆడి పంపేది 12 జట్లనే! మొత్తం టోర్నీ 125 మ్యాచ్‌ల నుంచి 189కి పోయింది. ఇది ఆట కోసం చేసిన లెక్క కాదు, టీవీ హక్కుల కోసం చేసిన లెక్క.

ప్రశ్న: అందరూ అందరితో ఆడనప్పుడు ఒకే పట్టికలో ర్యాంకులెలా ఇస్తారండీ? ఇదేం న్యాయం?

జవాబు: న్యాయం కాదు, మీరన్నది కరెక్టే. 2024-25లో పారిస్ జట్టు పీఎస్‌జీకి సిటీ, బాయర్న్, అట్లెటికో, ఆర్సెనల్ అందరూ తగిలారు. ఏడో మ్యాచ్‌లో సిటీ మీద 0-2 నుంచి లేచి 4-2తో గెలవకపోతే వాళ్ల పని అయిపోయేదే. ఎలాగో 15వ స్థానంలో తేలి, ప్లేఆఫ్‌లో బ్రెస్ట్‌ని రెండు మ్యాచ్‌లు కలిపి 10-0తో చితక్కొట్టి, చివరికి మ్యూనిక్ ఫైనల్లో ఇంటర్‌ని 5-0తో ఓడించి కప్పు ఎత్తుకెళ్లారు. పట్టికలో మొదటి స్థానం లివర్‌పూల్‌ది. ఎనిమిదింట ఏడు గెలిచినందుకు వాళ్లకు దక్కిన బహుమతి ఏమిటయ్యా అంటే, చివరి పదహారులో ఇదే పీఎస్‌జీ! పెనాల్టీల్లో ఇంటికెళ్లారు.

2025-26 నుంచి పట్టికలో పైనున్న జట్లకు క్వార్టర్స్, సెమీస్‌లో కూడా రెండో మ్యాచ్ సొంత మైదానంలో ఆడే వీలిచ్చారు. మంచిదే గానీ చిన్న ఊరట. నన్నడిగితే మొదటి నాలుగు జట్లకు చివరి పదహారులో ప్రత్యర్థిని వాళ్లే ఎంచుకునే హక్కు ఇవ్వాలి. ఎవరిని ఎంచుకుంటారో, ఎంచుకున్నాక ఓడిపోతే ఆ ముఖం ఎలా ఉంటుందో, అది చూడ్డానికైనా జనం టీవీ పెడతారు.

ప్రశ్న: చిన్న దేశాల క్లబ్‌లు మళ్లీ కప్పు గెలిచే రోజు వస్తుందా? ఏ సంస్కరణ తెస్తే వస్తుంది?

జవాబు: ఈ ఒక్క ప్రశ్నకు పేజీ మొత్తం ఇచ్చినా నాకు చాలదు. 1967లో స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్ తమ స్టేడియానికి ముప్పై మైళ్ల లోపు పుట్టిన కుర్రాళ్లతో యూరప్‌ని గెలిచింది. 1986లో రొమేనియా నుంచి స్టియావా, 1991లో బెల్‌గ్రేడ్ నుంచి రెడ్ స్టార్. 2004లో పోర్చుగల్ క్లబ్ పోర్టో తర్వాత ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్ తప్ప ఇంకో దేశం ఆ కప్పుని ముట్టుకోలేదు.

1995 డిసెంబర్‌లో యూరోపియన్ కోర్టు ఇచ్చిన బాస్మన్ తీర్పు మలుపు. కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడికైనా పైసా ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండా వెళ్లొచ్చు. ఆటగాళ్లకు అది న్యాయమే, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ ఆ ఏడాదే కప్పు గెలిచిన నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్‌ని చూడండి, డావిడ్స్, రైజిగర్, తర్వాత క్లుయివర్ట్, అందరూ మిలాన్‌కి ఉత్తపుణ్యానికి వెళ్లిపోయారు. పిల్లలప్పటి నుంచి పెంచిన క్లబ్‌కి మిగిలింది ఫొటోలు.

ఆ గండి మీద డబ్బు పంపకం ఇంకో గండి. 2024-25లో ఛాంపియన్స్ లీగ్ క్లబ్‌లకు పంచింది సుమారు 246.7 కోట్ల యూరోలు. అందులో అందరికీ సమానంగా ఇచ్చేది 27.5 శాతం, ఆటలో ఫలితాన్ని బట్టి 37.5 శాతం. మిగిలిన 35 శాతానికి "వాల్యూ" అని పేరు పెట్టారు. అంటే మీ దేశపు టీవీ మార్కెట్ ఎంత పెద్దది, గత అయిదేళ్లు, పదేళ్లలో యూరప్‌లో మీరెంత బాగా ఆడారు అని చూసి ఇచ్చేది. ఈ ఏడాది మీరెంత బాగా ఆడినా ఆ వాటా పెద్దగా కదలదు. నిన్నటి ధనవంతుడికి ఇవాళ కూడా పెద్ద విస్తరి. పాత పద్ధతిలో ఇలాంటి వాటా 45 శాతం ఉండేది కాబట్టి కొంచెం తగ్గించారు, ఒప్పుకోవాలి.

అలాగని చిన్న దేశం ఛాంపియన్‌కి డబ్బు కుమ్మరిస్తే సరిపోతుందా అంటే, అక్కడా చిక్కుంది. అర్హత సాధిస్తే చాలు 1.86 కోట్ల యూరోలు చేతికొస్తాయి, మీద గెలుపుకి 21 లక్షలు, డ్రాకి 7 లక్షలు. చిన్న లీగ్‌లో ఆ డబ్బు ఒక్క క్లబ్‌కే పోతే మిగతావాళ్లు ఇంకేం పోటీ ఇస్తారు? యూరప్ డబ్బు రుచి మరిగిన లుడోగొరెట్స్ బల్గేరియాలో 2012 నుంచి 2025 దాకా వరసగా 14 టైటిల్స్ కొట్టింది, బెలారస్‌లో బాటే బొరిసోవ్ 2006 నుంచి 2018 దాకా 13. పైన జబ్బు ఏదో కిందా అదే. అందుకే నా లెక్కలో ఆ "వాల్యూ" వాటాలో సగమైనా తీసి, అర్హత సాధించిన క్లబ్‌కి కాకుండా దాని దేశపు లీగ్ మొత్తానికి పంచాలి. పెద్ద క్లబ్‌లు ఒప్పుకుంటాయా? చచ్చినా ఒప్పుకోవు.

ప్రశ్న: సూపర్ లీగ్ గొడవ ముగిసినట్టేనా?

జవాబు: 2021 ఏప్రిల్ 18, ఆదివారం రాత్రి పన్నెండు పెద్ద క్లబ్‌లు ఛాంపియన్స్ లీగ్‌ని కాదని సూపర్ లీగ్ పేరుతో సొంత టోర్నీ పెట్టుకుంటామని ప్రకటించాయి, మంగళవారం రాత్రికల్లా ఆరు ఇంగ్లిష్ క్లబ్‌లు వెనక్కి తగ్గాయి. ఆ సాయంత్రం చెల్సీ స్టేడియం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జి బయట ఆ క్లబ్ అభిమానులే సొంత జట్టు బస్సునే అడ్డుకుంటే, పాత గోల్‌కీపర్ పీటర్ చెక్ రోడ్డు మీదికొచ్చి దారివ్వమని బతిమాలుకోవడం ఇప్పటికీ కళ్ల ముందుంది. 2023 డిసెంబర్‌లో యూరోపియన్ కోర్టు, యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే సంస్థ యూఈఎఫ్ఏ కొత్త టోర్నీలకు పెట్టిన అనుమతి నిబంధనలు చట్టవిరుద్ధమంది, అయితే సూపర్ లీగ్‌కి పచ్చజెండా ఊపినట్టు కాదని కూడా అదే తీర్పులో చెప్పింది.

నాకు భయం ఆ పేరంటే కాదు. ముందు గుమ్మంలో రానివ్వనిది దొడ్డిదారిన వస్తోంది. గత సీజన్‌లో యూరప్‌లో బాగా ఆడిన రెండు దేశాలకు ఛాంపియన్స్ లీగ్‌లో చెరో అదనపు స్థానం ఇస్తున్నారు. అది ఎవరికి పోతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. 2025-26లో 36 జట్లలో ఆరు ఇంగ్లండ్‌వే.

ప్రశ్న: ఆ ఆరులో ఒకటి టోటెన్‌హామ్. ఇంగ్లిష్ లీగ్‌లో 17వ స్థానంలో వచ్చిన జట్టుకి ఛాంపియన్స్ లీగా? రెండో స్థాయి టోర్నీ అయిన యూరోపా లీగ్ విజేతకు ఇచ్చే ఈ దారి మూసెయ్యాలి కదా!

జవాబు: వద్దు బాబోయ్! ఉన్న ఒక్క మంచి తలుపూ మూసేయమంటారా? బిల్బావోలో ఫైనల్ గెలిచారు, అది కూడా లీగ్‌ని 15వ స్థానంలో ముగించిన మాంచెస్టర్ యునైటెడ్ మీద, ఆట మాత్రం దేవుడు మెచ్చాలి. అయినా కప్పు కప్పే. ఛాంపియన్స్ లీగ్‌కి దారిచ్చే లీగ్ నాలుగో స్థానానికి కప్పు కన్నా ఎక్కువ విలువ ఉన్న రోజుల్లో, ట్రోఫీ గెలిచినవాడికి ఏదో ఒకటి దక్కనివ్వండి. ఆ సెమీస్‌లో టోటెన్‌హామ్ చేతిలో ఓడిన బోడో/గ్లిమ్ట్ ఉత్తర ధ్రువ వలయం పైనున్న చిన్న ఊరి జట్టు, నార్వే నుంచి యూరప్ టోర్నీ సెమీస్ ఆడిన మొదటి క్లబ్. అదే తలుపు వాళ్లకీ తెరిచి ఉండబట్టే ఆ రాత్రి మజా.

ప్రశ్న: అవే గోల్ నిబంధన తిరిగి తేవాలంటారా?

జవాబు: మనసు తేవాలంటుంది, బుద్ధి వద్దంటుంది. రెండు మ్యాచ్‌ల మొత్తం గోల్స్ సమానమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే గెలుపు, అదీ ఆ నిబంధన. 1965లో జాతీయ కప్ విజేతల టోర్నీ కప్ విన్నర్స్ కప్‌లో మొదలైంది, 2021లో ఎత్తేశారు. 2017లో పీఎస్‌జీ మీద బార్సిలోనా 0-4 తర్వాత రెండో మ్యాచ్‌లో 3-0 దాకా వచ్చింది, అంతలో కవానీ గోల్ కొట్టాడు. అంతే, ఇంకో మూడు కావాలి. 88వ నిమిషంలో ఒకటి, ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఒకటి, 5-1 అయినా పీఎస్‌జీదే పైచేయి. 95వ నిమిషంలో సెర్జి రొబెర్టో కాలు చాపాడు. ఇవాళ్టి నిబంధనతో అయితే ఆ గోల్ లేకపోయినా ఎక్స్‌ట్రా టైమ్ ఉండేది, ఆ చావో రేవో ఉండేది కాదు. కానీ అదే నిబంధన వల్ల మొదటి మ్యాచ్‌లో సొంత మైదానంలో జట్లు గోల్ ఇవ్వకూడదని తలుపులేసుకుని ఆడేవి. అలాంటి చప్పటి మ్యాచ్‌లు ఎన్ని చూశామో ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ప్రశ్న: కప్ విన్నర్స్ కప్ తిరిగి వస్తే బాగుంటుందని మా నాన్నగారు ఎప్పుడూ అంటారు. వీలవుతుందా?

జవాబు: మీ నాన్నగారికి నా నమస్కారాలు. 1983లో అబర్డీన్ రియల్ మాడ్రిడ్‌ని ఓడించిందీ, 1988లో మెహెలెన్ అయాక్స్‌ని ఓడించిందీ ఆ టోర్నీ ఫైనల్లోనే. 1999లో లాజియో గెలిచాక ఆపేశారు. క్యాలెండర్‌లో నాలుగో టోర్నీకి చోటు లేదు, ఆటగాళ్ల మోకాళ్లకూ లేదు. కానీ 2021లో మొదలైన మూడో స్థాయి టోర్నీ కాన్ఫరెన్స్ లీగ్ ఉంది కదా, దాన్నే జాతీయ కప్ విజేతల టోర్నీగా మార్చొచ్చు. తమాషా ఏమిటంటే 2025లో ఇంగ్లండ్ జాతీయ కప్ అయిన ఎఫ్ఏ కప్ గెలిచిన క్రిస్టల్ ప్యాలెస్ ఆడింది కాన్ఫరెన్స్ లీగ్‌లోనే, కాకపోతే శిక్షగా! వాటాదారుడికి ఫ్రెంచ్ క్లబ్ లియాన్‌లో కూడా వాటా ఉందని, గడువులోగా తేల్చుకోలేదని యూరోపా లీగ్ నుంచి కిందికి దించారు, ఆ స్థానం నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి ఇచ్చారు. మీ నాన్నగారితో ఆ మాట చెప్పి చూడండి, ఆయన ఏమంటారో వచ్చే ఉత్తరంలో రాయండి.