చీరల షాపులో లైట్లు మారిస్తే నెలకు ఎంత మిగులుతుంది?

ప్రశ్న: తెనాలిలో చీరల షాపు నడుపుతున్నాను. షాపులో 20 పాత ట్యూబ్‌లైట్లు, గోడౌన్‌లో 6, షోకేసులో 50 వాట్ల హాలోజన్ బల్బులు 4 ఉన్నాయి. ట్యూబ్‌లైట్లన్నీ తీసేసి ఎల్‌ఈడీ ప్యానెళ్లు పెడితే నెలకు 4,000 రూపాయలు మిగులుతాయని డీలర్ అంటున్నాడు. నెలకు 2,500 చొప్పున 24 ఈఎంఐలు కట్టాలి. తీసుకోమంటారా?

జవాబు: లైట్లు మార్చండమ్మా, ఆ బేరం మాత్రం వద్దు.

పాత ట్యూబ్ మీద 40 వాట్లని రాసి ఉన్నా, చోక్ తినేది కూడా కలిపితే 50 దాకా అవుతుంది. దాని బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ సరిపోతుంది. ఒక్కో లైటుకు 30 వాట్లు ఆదా. 20 లైట్లు, రోజుకు 10 గంటలు అంటే 6 యూనిట్లు, నెలకు 180. మీ బిల్లులో చివరి శ్లాబు యూనిట్‌కు 10 రూపాయలు అనుకుంటే 1,800. లైట్ల వేడి తగ్గడం వల్ల ఏసీ కాస్త తక్కువ తిరుగుతుంది, అదీ వేస్తే వేసవిలో ఇంకో మూడు నాలుగు వందలు. ఎటు తిప్పినా 4,000 రాదు. ఫిక్స్‌డ్ చార్జీలేమో కనెక్షన్ లోడును బట్టి పడేవి, యూనిట్లు తగ్గాయని తగ్గవు.

అంటే మిగిలేది 1,800, కట్టేది 2,500. రెండేళ్లూ ఎదురు జేబులోంచే పెట్టాలి.

అదే 20 ఎల్‌ఈడీ పట్టీలు బయట కొంటే, ఎలక్ట్రీషియన్ కూలితో సహా 10 వేల లోపు అయిపోతుంది. ఆరు నెలల్లోపే తిరిగొస్తుంది. గోడౌన్ జోలికి పోకండి. రోజుకు అరగంట వెలిగే లైటు ఏం మిగులుస్తుంది? మాడిపోయినప్పుడు మార్చుకోవచ్చు.

డీలర్ చూడనిది షోకేసు. ఆ నాలుగు హాలోజన్లు తీసి 7 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే నెలకు 50 యూనిట్లు పైనే తగ్గుతాయి. ముందు అవే మార్చండి.

ఒక్క చోట పిసినారితనం వద్దు. చీర పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఎండలో రంగు చూసుకునేవాళ్లు మీ దగ్గరకూ వస్తుంటారుగా. కౌంటర్ పైన సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 దాటిన లైట్లు అడిగి తీసుకోండి, ధర ఎక్కువైనా.

మార్చే ముందు ఒక ఉదయం మిగతావన్నీ కట్టేసి, షాపులోని 20 ట్యూబ్‌లైట్లు మాత్రమే గంటసేపు వేసి మీటర్ చూడండి. సుమారు 1 యూనిట్ తిరగాలి. మార్చాక అదే గంటకు 0.4 దగ్గర ఆగాలి. ఆగకపోతే బిల్లుతో సహా షాపువాడి దగ్గరకు వెళ్లండి.