శనివారం ఒక్కపొద్దుతో కొండెక్కకు

చి. సింధుకి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో అరిచినందుకు ఏమీ అనుకోకు. స్కిప్టన్ నుంచి ఒక్కదానివే సైకిల్ మీద ఫ్లీట్ మాస్ కొండ దాటి సెటిల్ దాకా వెళ్తానని చెప్పగానే గుండె జల్లుమంది. ఫోన్ పెట్టేశాక మాత్రం, మా చెల్లెలి కూతురు ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల్లో ఎనభై కిలోమీటర్లు తొక్కబోతోందని ఇంట్లో అందరికీ చెప్పుకు తిరిగాను. "అరిచిందీ మీరే, గొప్పలు పోయేదీ మీరే" అంది మీ అత్తయ్య.

నా భయం కొండల గురించి కాదు. చివర్లో నువ్వు తేలిగ్గా ఓ మాట అన్నావు చూడు, పొద్దున ఏమీ తినకుండా బయల్దేరతాను, ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు కరుగుతుందిట, వీడియోలో చెప్పారు అని. ఆ మాటకి నిద్ర పట్టలేదు.

ముందు చిల్లర సంగతులు చెప్పేస్తాను. గేర్లు చూసుకో: ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి కూడా 34 ఉంటే నీ మోకాళ్ళు బతికిపోతాయి. పంక్చర్ వెయ్యడం ఇంట్లోనే రెండుసార్లు చేసి చూసుకో. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలే పెట్టుకో, అక్టోబర్ మొదట్లో ఆరున్నర దాటితే చీకటి పడిపోతుంది. ఫోన్లో మ్యాప్ ఉందిగా అనకు, ఆ లోయల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఆర్డ్నెన్స్ సర్వే కాగితం మ్యాప్ ఒకటి కొనుక్కో. దాని మీద రోడ్డుకి అడ్డంగా బాణం గుర్తు ఒకటుంటే 14 నుంచి 20 శాతం వాలు, రెండుంటే 20కి పైనే. బాణం మొన ఎటుంటే అటు పల్లం. నువ్వు వెళ్ళే దారిలో బాణాలు ఎక్కడెక్కడున్నాయో ముందురోజు రాత్రే లెక్కపెట్టుకుని పడుకో.

రాతిగోడల మధ్య సందులాంటి రోడ్లు అవి. కారు వెనకాల వస్తోందని గోడకి అతుక్కుపోకు, మధ్యలోనే తొక్కు. వెడల్పు జాగా వచ్చినప్పుడు పక్కకి తప్పుకుని దారివ్వు. చెయ్యి ఊపితే వాళ్ళూ ఊపుతారు.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా తెలియదు ఇది.

1986 సెప్టెంబర్. అప్పుడు స్కిప్టన్ దగ్గర కీత్లీలో ఉండేవాళ్ళం. పెద్ద పరీక్ష ఒకటి పాసవ్వాలని వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు ఒక్కపొద్దు మొక్కుకున్నాను. నాలుగో శనివారం ఆసుపత్రిలో డ్యూటీ లేదు, ఎండ కాసింది. ఆ దేశంలో ఎండ కాస్తే ఇంట్లో కూర్చోవడం పాపంలా ఉంటుంది. ఓ కప్పు కాఫీ తాగి, సెకండ్‌హ్యాండ్ సైకిలెక్కి బయల్దేరాను. మనం గోదావరి కాలవ గట్ల మీద సైకిల్ నేర్చుకున్నవాళ్ళం. మనకి ఎత్తంటే కాలవ మీది వంతెనే.

కెటిల్‌వెల్ దాకా హాయిగా ఉంది. బక్‌డెన్ దాటాక రోడ్డు వార్ఫ్ నది పక్కనే పోతుంది. చాపలు పరిచినట్టు సున్నపురాతి పలకలు, వాటి మీద చీలమండ లోతున నీళ్ళు. హబర్‌హోమ్‌లో చిన్న చర్చి కనిపిస్తుంది, దిగి లోపలికి వెళ్ళు. అక్కడి బల్లల మీద వడ్రంగి చిట్టి ఎలుకల్ని చెక్కాడు. వినాయకుడి వాహనం ఇక్కడికెలా వచ్చిందా అనుకుని నేను అయిదు నిమిషాలు వెతుక్కున్నాను. నువ్వూ వెతుకు.

ఔటర్‌షా దాటగానే రోడ్డు లేచి నిలబడింది. కాళ్ళు ఉన్నట్టుండి నావి కాకుండా పోయాయి. అక్కడి సైకిలువాళ్ళు దీన్ని బాంక్ అంటారు. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న చక్కెర గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటిపోతుంది. ఈ ముక్క జూనియర్లకి బోర్డు మీద రాసి చెప్పేవాణ్ణి, చూడు నా తెలివి! చక్కెర తగ్గితే ముందు పోయేది బుద్ధి. నాకు కోపం వచ్చింది, గోడ మీద, గొర్రెల మీద. నల్లమొహం స్వేల్‌డేల్ గొర్రె ఒకటి రోడ్డు మధ్య నిలబడితే దాన్ని తెలుగులో తిట్టాను. అప్పుడైనా వెనక్కి తిరగాల్సింది. తోసుకుంటూ పైకెక్కాను.

ఫ్లీట్ మాస్ ఎత్తు 589 మీటర్లు. మన కొండలతో పోలిస్తే ఏముందిలే అనిపిస్తుంది. కానీ పైన చెట్టు లేదు, ఇల్లు లేదు, గాలి తప్ప మనిషి లేడు. ఎక్కేటప్పుడు చొక్కా చెమటతో తడిసింది, పైకొచ్చేసరికి సన్న వాన. కోటు తేలేదు. ఆగి వణికే బదులు తొందరగా దిగిపోదామనుకున్నాను. అటువైపు గేల్ ఊళ్ళోకి దిగే వాలు ఇటువైపు కంటే ఘోరం. నా సైకిల్‌కి ఇనప రిమ్ములు, తడిస్తే బ్రేకు పట్టేది కాదు. వేళ్ళు మొద్దుబారి, నేను బ్రేకు పిడి నొక్కుతున్నానో లేదో నాకే తెలియలేదు. మలుపులో మళ్ళీ గొర్రె. పక్కనున్న గడ్డిలోకి తిప్పేశాను. చక్రం వంకర పోయింది, మోచెయ్యి చీరుకుపోయింది. గోడ రెండడుగుల దూరంలో ఉంది. ఆ రెండడుగులు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఓ ముసలి రైతు వ్యాన్ ఆపి, ఏమీ అడక్కుండా సైకిల్ వెనక పడేసి, వాళ్ళ వంటింట్లో కూర్చోబెట్టాడు. వాళ్ళావిడ నాలుగు చెంచాల పంచదార వేసి టీ ఇచ్చింది. పక్కన డ్రైఫ్రూట్స్ కేకు, దాని మీద వెన్‌స్లీడేల్ చీజ్ ముక్క. అక్కడ కేకూ చీజూ కలిపే తింటారు. మూడు ముక్కలు తిన్నాను. కేకులో గుడ్డుంటుందని మూడోది మింగాక గుర్తొచ్చింది. నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక్కపొద్దు సంగతి వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "మీ దేవుడు సైకిల్ కూడా తొక్కమన్నాడా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని.

పరీక్ష పాసయ్యాను. స్వామి ఆ కేకు లెక్కలోకి తీసుకోలేదనుకుంటా. మీ అత్తయ్యకి మాత్రం బస్సు తప్పిపోయిందని చెప్పాను.

అందుకని నా తల్లీ, ఉపవాసమైనా, డైటింగైనా ఆ రోజు వద్దు. బయల్దేరేముందు కడుపునిండా తిను. ఆకలి వేసేదాకా ఆగకు, అరగంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకో. అరటిపళ్ళు, వేరుశనగ అచ్చు, చిన్న డబ్బాలో పులిహోర. నవ్వకు, పులిహోరలో అన్నమూ ఉంది, ఉప్పూ ఉంది. బక్‌డెన్ దాటితే కొండ అవతల హాజ్ ఊరు వచ్చే వరకూ కొట్టు కనపడదు. పైకి చేరగానే, చలి వేసినా వెయ్యకపోయినా, కోటు తొడుక్కుని గ్లవ్స్ వేసుకున్నాకే దిగు. నీ సైకిల్‌కి డిస్క్ బ్రేకులున్నాయని నాకు తెలుసు. గొర్రెకి తెలియదు. నెమ్మదిగా దిగు, భయమేస్తే దిగి నడిపించుకో, చూసేవాళ్ళెవరూ ఉండరు.

హాజ్‌లో గంటసేపు కూర్చో. కేకు తిను, నీకే మొక్కూ లేదు. అక్కడినుంచి రిబుల్‌హెడ్ రోడ్డులో సాధారణంగా గాలి ఎదురే. వారాంతాల్లో మోటారుసైకిళ్ళు రయ్యిన పోతుంటాయి, ఎడమ పక్కన నిలకడగా ఉండు. 24 కమానుల రైలు వంతెన కనిపిస్తే చాలా వరకు అయిపోయినట్టే. ఒళ్ళు అలసిపోతే అక్కడే స్టేషనుంది, లీడ్స్ బండి ఎక్కెయ్. ట్రైన్లో సైకిళ్ళకి చోటు తక్కువ, వేళలు ముందే చూసి పెట్టుకో. మధ్యలో బండెక్కితే ఓడిపోయినట్టు కాదు. రాత్రికి లీడ్స్‌లో నీ గదిలో అన్నం తింటే చాలు నాకు.

2014 జూలై 5న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం ఈ లోయల్లోంచే పోయింది. హాజ్ అవతల బటర్‌టబ్స్ కొండ మీద జనంలో నిలబడి గొంతు పోయేలా అరిచాను. ఆ పందెంవాళ్ళు అలా పైకి దూసుకుపోతుంటే, ఇక నావల్ల కాదు, మనవాళ్ళెవరైనా ఈ రోడ్లు తొక్కితే బావుణ్ణు అనుకున్నాను. అందుకే వద్దని అనలేకపోతున్నాను.

హాజ్ చేరగానే ఫోన్ చెయ్. ముందు నాకు, తర్వాత మీ అమ్మకి. రేపు పార్సిల్లో నా పసుపుపచ్చ వానకోటు పంపుతున్నాను. ఆ పడ్డ వారమే కొన్నాను, ఇప్పటికీ నీళ్ళు దిగవు. చేతులు నీకు పొడుగవుతాయి, రెండు మడతలు పెట్టుకో.

మీ మామయ్య