శోషణమా, అధిశోషణమా?

సందేహం: సేంద్రియ ఆమ్లాల అణువులు లోహ ఆక్సైడుల మీద ఎలా నిలుస్తాయో తెలుగులో వ్యాసం రాస్తున్నాను. "ఆమ్ల అణువులు ఉపరితలంచే శోషించబడతాయి" అని రాస్తే మా సార్ కొట్టేశారు. "అంటుకుంటాయి, పట్టుకుంటాయి" అని మార్చితే శాస్త్రభాష కాదన్నారు. మరెలా రాయాలి?
– రసాయనశాస్త్ర విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: మొదటి దిద్దుబాటు సరైనదే. నల్లరేగడి నీళ్లను లోపలికి పీల్చుకుంటే అది శోషణం. మీ ఆమ్ల అణువులు లోపలికి దిగవు, పైపొర మీదే ఆగుతాయి. అందుకే పైన అనే అర్థమిచ్చే 'అధి' చేర్చి అధిశోషణం అన్నారు. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట, దాన్నే వాడండి. 'చే', 'బడు' మాత్రం తీసేయండి. అణువులు అధిశోషణం చెందుతాయి అంటే చాలు.

రెండో దిద్దుబాటును నేను ఒప్పుకోను. కాళ్లకు దుమ్ము అంటుతుంది, కడిగితే పోతుంది. ఇత్తడి బిందెకు చిలుము పట్టుకుంటుంది, ఉత్త నీళ్లకు పోదు. వాడుకలో ఈ రెండు క్రియలు ఒకదానిచోట ఒకటి దొర్లుతాయి, నిజమే. అయినా శాస్త్రానికి కావలసిన తేడా వాటిలో ఉంది. భౌతిక అధిశోషణంలో ఉన్నవి వాన్ డర్ వాల్స్ బలాలు, అంటే అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణలు. వెలువడే వేడి మోల్‌కు సుమారు 20–40 కిలోజౌళ్లు. అది అంటుకోవడం. రసాయన అధిశోషణంలో నిజమైన బంధమే ఏర్పడుతుంది. వేడి సుమారు 80–240 కిలోజౌళ్లు. ఇది పట్టుకోవడం.

టైటానియం డయాక్సైడు మీద ఫార్మిక్ ఆమ్లాన్ని చూడండి. అణువు తన ప్రోటాన్‌ను ఆక్సైడులోని ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది. మిగిలిన ఫార్మేట్, తన రెండు ఆక్సిజన్లతో పక్కపక్కనున్న రెండు టైటానియం అయాన్లకు వంతెనలా బంధం వేస్తుంది. దీన్ని 'పట్టుకుంటుంది' అనడం కన్నా కచ్చితంగా ఎలా చెప్పగలం? పెంబర్తి ఇత్తడి సామాను ఇంట్లో ఉంటే చింతపండుతో తోమి చూడండి. అందులోని టార్టారిక్ ఆమ్లం పైపొరలోని రాగిని అలాగే పట్టి, కరిగించి తనతో తీసుకుపోతుంది. లోపలి మెరుపు బయటపడుతుంది.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. 'అణుబాంబు' అలవాటు వల్ల పత్రికల్లో అణువు, పరమాణువు కలిసిపోయాయి. రసాయనంలో అలా కుదరదు, పరమాణువులు కలిస్తేనే అణువు: ఫార్మిక్ ఆమ్లానిది అణువు, టైటానియానిది పరమాణువు.

మీ వాక్యం ఇలా రాయండి: "ఫార్మిక్ ఆమ్ల అణువులు ఆక్సైడు ఉపరితలంపై రసాయన అధిశోషణం చెందుతాయి, ప్రోటాన్ వదిలి, రెండు ఆక్సిజన్లతో లోహాన్ని పట్టుకుంటాయి." సార్‌కు ఇదే చూపించండి.