స్టేషన్‌లో కొట్టారు, పది నెలలైంది: ఇప్పుడు ఫిర్యాదు చెల్లుతుందా?

ప్రశ్న: మాది కోస్తాలో ఒక మున్సిపాలిటీ. మా కాలనీ పార్కు దగ్గర రాత్రిళ్లు కొందరు తాగి, గంజాయి కొట్టి, వచ్చే పోయే ఆడవాళ్లను ఇబ్బంది పెడుతున్నారు. కాలనీ సంఘం తరఫున అర్జీ తీసుకుని నేను స్టేషన్‌కు వెళ్లాను. ‘మాకు డ్యూటీ నేర్పడానికి వచ్చావా’ అంటూ ఎస్సై గారు నన్ను సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా కూర్చోబెట్టారు, చెంప మీద కొట్టారు. రెండు తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పంపించారు. పిల్లల ముందు తలెత్తుకోలేకపోతున్నాను. ఇది దసరా వెళ్లాక జరిగింది. పెద్దలు ఆగమంటే ఆగాను. ఇప్పుడు ఆయన బదిలీ అయ్యారు. తెలిసిన కానిస్టేబుల్ ఒకరు ఆ రాత్రి సీసీ కెమెరా వీడియో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తానంటున్నారు. ఎస్సై మీద కేసు, పరువు నష్టం దావా వేయవచ్చా? కాలనీ కుర్రాళ్లు తామే గస్తీ తిరుగుతామంటున్నారు, తిరగవచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. ఎస్సై వాడిన మాటలు, కొట్టిన చెంప, ఇంటికొచ్చాక మీ అబ్బాయి అడిగిన ప్రశ్న, అన్నీ ఉన్నాయి. జరిగిన తేదీ మాత్రం ఎక్కడా లేదు. ‘దసరా వెళ్లాక’ అంటే కోర్టు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? సోమవారం గ్రీవెన్స్‌లో ఎస్పీ గారికి చెప్పుకున్నానని, చూస్తానన్నారని రాశారు. అర్జీ ఇచ్చారా, నోటితో చెప్పి వచ్చారా? ఇచ్చి ఉంటే రసీదు ఏది? చదువుకున్నవారు, ఒక సంఘానికి కార్యదర్శి, పది నెలల్లో ఒక్క కాగితం మీద సీలు వేయించుకోకపోవడం నాకు కోపం తెప్పించింది. కటువుగా అంటున్నానని అనుకోకండి. మీకు జరిగింది నిజమని నమ్ముతున్నాను కాబట్టే అంటున్నాను.

పరువు నష్టం సంగతి పక్కన పెట్టండి. ఆ దావా వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. కాలనీ ఫిర్యాదు సబబా కాదా, ఎస్సైకి ఆ పార్కు దగ్గర తాగేవాళ్లతో ఏమైనా లోపాయికారీ ఉందా అన్నవి కూడా ఇప్పుడు ముఖ్యం కావు. మీ కేసును తేల్చేది ఒక్కటే. ఆ రాత్రి స్టేషన్ కెమెరాల రికార్డింగు ఇంకా ఉందా, దాన్ని చెరిపేయకుండా భద్రపరచమని మీరు రాతపూర్వకంగా అడిగినట్టు రుజువుందా?

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీలాంటివారి కోసమే. దేశంలో ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ మెయిన్ గేటు, లోపలికీ బయటికీ వెళ్లే దారులు, లాకప్పులు, వరండాలు, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, ఇలా ఏ మూలా వదలకుండా కెమెరాలు ఉండాలంది. చీకట్లో కూడా కనిపించాలి, మాట కూడా రికార్డు కావాలి. ఆ రికార్డింగు 18 నెలలు ఉంచాలి. అంత నిల్వ సామర్థ్యమున్న పరికరాలు దొరకకపోయినా, ఏ పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకూడదు. కెమెరాలు పనిచేసేలా చూడటం, రికార్డింగు కాపాడటం స్టేషన్ హౌస్ ఆఫీసర్ (స్టేషన్ బాధ్యుడైన అధికారి) బాధ్యత. పోలీసులే పోలీసుల మీద నిఘా పెట్టుకుంటే సరిపోదని, జిల్లా స్థాయిలో ఒక పర్యవేక్షణ కమిటీ కూడా వేయమంది. అందులో ఎస్పీతో పాటు కలెక్టరూ ఉంటారు. పట్టణమైతే మున్సిపాలిటీ తరఫున మేయరు, పల్లె ప్రాంతమైతే జిల్లా పరిషత్ అధ్యక్షులు ఉంటారు. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా రికార్డింగులు చూసి, హక్కుల ఉల్లంఘన ఏమైనా జరిగిందేమో పరిశీలించాల్సిన పని ఆ కమిటీది. మీరు ఓటు వేసి గెలిపించినవారికి స్టేషన్ లోపలి వ్యవహారం చూసే అధికారం ఉందన్నమాట. ఈ సంగతి చాలామంది ప్రజాప్రతినిధులకే తెలియదు. కెమెరాలు పనిచేయని స్టేషన్ల విషయాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంతట తానుగా మళ్లీ చేపట్టాల్సి వచ్చిందంటే అమలు ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

అదే తీర్పులో మరో మాట ఉంది. ఈ ఆవరణ కెమెరా నిఘాలో ఉందని స్టేషన్‌లో కనబడేలా బోర్డు పెట్టాలి. హక్కుల ఉల్లంఘన జరిగితే మానవ హక్కుల కమిషన్‌కు, మానవ హక్కుల కోర్టుకు, ఎస్పీకి ఫిర్యాదు చేయవచ్చని, రికార్డింగు ఆరు నెలలకు తగ్గకుండా ఉంటుందని, దాన్ని భద్రపరచమని కోరే హక్కు బాధితుడికి ఉందని అందులో రాయాలి. ఇక లెక్క చూసుకోండి. 18 నెలల ప్రకారం మీ రికార్డింగు ఉండి తీరాలి. ఏడాది ప్రకారం అంచున ఉన్నారు. బోర్డు మీది ఆరు నెలలే స్టేషన్ వాళ్లు పట్టుకుంటే ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. మొదటి వారంలోనే రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చి ఉంటే ఈ టెన్షన్ లేకపోయేది.

చెంపదెబ్బ కెమెరాలో పడిందా లేదా అని మీరు ఆత్రపడుతున్నారు. నేను వెతికేది అంతకంటే సాదా దృశ్యం: మీరు గేటు లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం. మీరు నిందితుడు కాదు, అర్జీ పట్టుకుని వెళ్లిన పౌరుడు. మిమ్మల్ని అరెస్టు చేయలేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వలేదు. స్టేషన్‌లో రోజువారీ వ్యవహారాలు రాసే జనరల్ డైరీలో మీ పేరు రాసి ఉంటుందని నేను అనుకోను. అలాంటి మనిషి అయిదారు గంటలు స్టేషన్‌లో ఎందుకున్నాడో వాళ్లు చెప్పుకోవాలి. దెబ్బను ‘కొట్టలేదు’ అని ఒక్క మాటతో తోసిపుచ్చవచ్చు. గేటు దగ్గరి గడియారాన్ని అలా తోసిపుచ్చలేరు.

ఇక ఆ పెన్‌డ్రైవ్. దాని జోలికి వెళ్లవద్దు. ఆ కానిస్టేబుల్ మంచి మనసుతోనే అంటూ ఉండవచ్చు, కానీ దొంగచాటుగా తెచ్చిన కాపీని కోర్టులో ఎలా రుజువు చేస్తారు? ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఏ పరికరం నుంచి, ఎవరి అధీనంలో, ఎలా కాపీ అయిందో సంతకం పెట్టి చెప్పాలి, హ్యాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపే గుర్తు సంఖ్య) కూడా రాయాలి. ఉద్యోగం పోగొట్టుకుని ఆ కానిస్టేబుల్ మీకు ఆ సంతకం పెడతారా? అప్పుడు ఎస్సై తరఫు వకీలు అడిగే మొదటి ప్రశ్న వీడియోలో ఏముందన్నది కాదు, అది మీకెలా వచ్చిందన్నది. జవాబు చెబితే మీ మీద, ఆయన మీద కొత్త కేసు. చెప్పకపోతే సాక్ష్యం పోయినట్టే. వీటన్నింటికంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. ఎవరో ఆ రికార్డింగు కోసం తిరుగుతున్నారని స్టేషన్‌లో పొక్కిందంటే, మీ ఉత్తరం చేరేలోపే హార్డ్ డిస్క్ ‘రిపేరు’కు వెళ్లిపోతుంది.

అదే ముందు మీ ఉత్తరం చేరి, దానికి సీలు పడి ఉంటే కథ మారిపోతుంది. భద్రపరచమని అడిగిన తర్వాత రికార్డింగు మాయమైతే, చూపించగలిగీ చూపించని సాక్ష్యం వారికి వ్యతిరేకంగానే ఉండి ఉంటుందని భావించే వెసులుబాటు అదే చట్టం సెక్షన్ 119 కోర్టుకు ఇస్తోంది. అంటే రికార్డింగు ఉన్నా మీకు లాభం, పోయినా మీకు కొంత లాభం. రసీదు ఉంటేనే.

కాబట్టి రేపే అర్జీ రాయండి. తేదీ, మీరు స్టేషన్‌లో ఉన్న గంటలు, ఏయే చోట్ల కూర్చోబెట్టారో రాసి, ఆ రోజు సాయంత్రం నుంచి మర్నాడు తెల్లవారుజాము వరకు అన్ని కెమెరాల రికార్డింగు, మాటలతో సహా భద్రపరచమని కోరండి. ఒకటి స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు, ఒకటి ఎస్పీకి, ఒకటి పర్యవేక్షణ కమిటీ సభ్యుడిగా కలెక్టర్‌కు. కలెక్టరేట్‌లో, ఎస్పీ ఆఫీసులో స్వయంగా ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, సీలు వేయించుకోండి. స్టేషన్‌కు స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు ట్రాకింగ్ కాగితం తీసి పెట్టుకోండి. తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకున్న విషయం కూడా ఇందులోనే రాయండి. రేపు వాటి మీద ‘రాజీ పడ్డాను’ అని ఏదైనా వెలిస్తే, మీరు ముందే చెప్పినట్టు రికార్డులో ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. జవాబుకు 30 రోజులు, ఆపైన తిరస్కరిస్తే అప్పీలు. మీకంత వ్యవధి లేదు. వారంలో స్పందన రాకపోతే రికార్డింగు భద్రపరచి కోర్టు ముందుంచేలా ఆదేశించమని హైకోర్టులో రిట్ వేయడమే దగ్గరి దారి.

వ్యవధి అన్నాను కదా. మానవ హక్కుల పరిరక్షణ చట్టం 1993, సెక్షన్ 36(2) ప్రకారం ఘటన జరిగిన ఏడాది దాటాక కమిషన్ విచారణ చేపట్టడానికి వీల్లేదు. క్రిమినల్ కేసుకూ అలాంటి కత్తే వేలాడుతోంది. మామూలుగా కొట్టడం, అక్రమంగా నిర్బంధించడం ఏడాది వరకు శిక్ష పడే నేరాలు. అలాంటివాటికి సురక్షా సంహిత సెక్షన్ 514 విధించిన కాలపరిమితి కూడా ఏడాదే. మేజిస్ట్రేటు కేసు స్వీకరించే రోజు కాదు, మీరు ఫిర్యాదు దాఖలు చేసిన రోజే లెక్కలోకి వస్తుందని 2013లో సారా మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది, కానీ ‘పెద్దలు ఆగమన్నారు’ అన్న కారణంతో అడగాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి. ఎస్సై బదిలీ ఈ గడువుల్ని ఆపదు. బదిలీ శిక్షా కాదు, ఆయన బాధ్యత నుంచి విముక్తీ కాదు.

తేదీ గుర్తులేదంటారేమో. మీ ఉత్తరం చివరి పేజీలో, ఏదో మాటవరసకు రాసినట్టు ఒక సంగతి ఉంది. ఆ రాత్రి పదిన్నరకు మీ ఆవిడ కాలనీ వాట్సాప్ గ్రూపులో ‘ఆయన్ని ఇంకా స్టేషన్‌లోనే కూర్చోబెట్టారు, ఎవరైనా వెళ్తారా’ అని మెసేజ్ పెట్టారు. ఇన్ని పేజీల్లోనూ నాకు నచ్చిన వాక్యం ఇదే. గొడవ పెరిగాక అల్లిన కథ కాదిది, జరుగుతున్నప్పుడే వెలువడిన మాట. కింద తేదీ ఉంది, గంట ఉంది, చూసినవాళ్లు అంతమంది ఉన్నారు. ఆవిడ ఫోన్ మార్చవద్దు, చాట్ క్లియర్ చేయవద్దు, గ్రూపులో మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ ఉంటే వెంటనే తీయించండి. స్క్రీన్‌షాట్లు తీసుకోండి, అసలు ఫోన్ మాత్రం అలాగే ఉంచండి. సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఫోన్ సొంతదారుగా ఆవిడే సంతకం పెట్టవచ్చు. ఆ తర్వాత మీ కోసం స్టేషన్‌కు వచ్చిన ఇద్దరు కాలనీవాసులు ఎవరో పేర్లు రాసి పెట్టుకోండి, వారే మీ సాక్షులు. మీ ఫోన్ కాల్ వివరాలు, టవర్ లొకేషన్ టెలికాం కంపెనీ నుంచి కోర్టు ద్వారా తెప్పించవచ్చు.

చెవి నొప్పికి మందుల షాపులో చుక్కల మందు తీసుకున్నానని రాశారు. ఆ మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని, ‘పోలీసు కొట్టారు’ అని డాక్టరుకు చెప్పి ఉంటే అదే సగం కేసు. ఇప్పుడు పాత తేదీతో సర్టిఫికెట్ రాసిచ్చే డాక్టరును వెతక్కండి. అబద్ధం ఒక్కటి బయటపడితే మీ నిజాలన్నీ దాని వెంటే కొట్టుకుపోతాయి. పైగా తప్పుడు సాక్ష్యం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. చెవి ఇంకా ఇబ్బంది పెడుతుంటే ఇప్పటి తేదీతోనే చూపించుకోండి.

ఫిర్యాదు రెండు చోట్ల వేయండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే రాసి ఇవ్వండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు కాబట్టి రెండు కమిషన్లకూ ఒకేసారి పంపకండి. రెండోది క్రిమినల్ దారి. ముందు స్టేషన్‌లో, వాళ్లు తీసుకోకపోతే సురక్షా సంహిత సెక్షన్ 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా, ఆ తర్వాత అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు ముందుకు. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణకు సంబంధించిన ఫిర్యాదు కాబట్టి మేజిస్ట్రేటు ముందుగా పై అధికారి నివేదిక తెప్పించుకుంటారు, ఎస్సై వాదన కూడా వింటారు. ప్రభుత్వోద్యోగి మీద కేసు నడపడానికి సెక్షన్ 218 కింద ప్రభుత్వ అనుమతి లేదన్న అభ్యంతరమూ వస్తుంది. వీటికి సమయం పడుతుందని తెలిసే దిగండి. ఈ దారికి వకీలు తప్పనిసరి. ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ గురించి కూడా అడిగారు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు జిల్లా స్థాయిలోనూ, రాష్ట్ర స్థాయిలోనూ వీటిని పెట్టమంది. డీఎస్పీ స్థాయి వరకు అధికారుల మీద ఫిర్యాదులు జిల్లా అథారిటీవి. దానికి విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షత వహించాలి. శాఖాపరమైన చర్యకైనా, క్రిమినల్ చర్యకైనా అది చేసిన సిఫారసును అధికారులు పాటించి తీరాలని కూడా చెప్పింది. కానీ దేశంలో చాలాచోట్ల ఇవి కాగితం మీదే ఉన్నాయి. కలెక్టరేట్‌కు వెళ్లినప్పుడు అడగండి. మీ జిల్లాలో పనిచేస్తుంటే అక్కడా ఒక అర్జీ ఇవ్వండి. లేకపోతే దాని కోసం ఒక్క రోజు కూడా ఆగవద్దు.

కాలనీ కుర్రాళ్ల గస్తీ గురించి. తిరగడం తప్పు కాదు, చేయి చేసుకోవడం తప్పు. తమ కళ్ల ముందు బెయిలు హక్కుగా రాని, కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల) నేరం జరిగితేనో, కోర్టు ప్రకటించిన పరారీ నేరస్థుడైతేనో మాత్రమే మామూలు పౌరుడు ఎవరినైనా పట్టుకోవచ్చు. సురక్షా సంహిత సెక్షన్ 40 ప్రకారం ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. పార్కులో తాగి కూర్చున్నవాళ్లను కట్టేసి కొడితే, అర్జీదారులుగా ఉన్న మీరంతా ముద్దాయిలవుతారు. ఆ గొడవ జరిగిన ప్రతిసారీ 112కు ఫోన్ చేయండి, ఏ తేదీన, ఎన్ని గంటలకు చేశారో సంఘం రిజిస్టర్‌లో రాయండి. ఆ పాత అర్జీని కొత్త తేదీతో, సంఘం సభ్యులందరి సంతకాలతో ఎస్పీ ఆఫీసులో మళ్లీ ఇవ్వండి. ఈసారి ఒక్కరే వెళ్లకండి, సీలు లేకుండా రాకండి.